రివాల్వర్ బ్యారెల్‌లో సీసం పట్టకుండా: పోత బుల్లెట్లతో తూటాలు నింపుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇత్తడి కేస్‌లో తుపాకీమందు పోసి, సొంతంగా పోసిన సీసపు బుల్లెట్లు అమర్చి తూటాలు నింపుకోవడం మొదలుపెట్టిన వాళ్లందరినీ కొన్నాళ్లకు ఒకే బెంగ పట్టుకుంటుంది. బ్యారెల్ లోపల వెండిపూతలాంటి పొర కనిపిస్తుంది, గురి చెదురుతుంది, బ్రష్‌తో ఎంత రుద్దినా వదలదు. వెంటనే "ఇంకా గట్టి సీసం వాడాలేమో" అనిపిస్తుంది. చాలాసార్లు తప్పు సీసంలో ఉండదు, కొలతలో ఉంటుంది. పదే పదే ఎదురయ్యే సందేహాలను పని జరిగే వరుసలో ఇక్కడ పేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోటి నుంచి చదవండి. తూటాలు నింపుకోవడం మీరున్న చోట చట్టబద్ధమేనని, అందుకు కావలసిన అనుమతులు మీ దగ్గర ఉన్నాయని అనుకుని రాస్తున్నాను.

## ముందుగా తేల్చుకోవలసినవి

బ్యారెల్‌లో ఉన్నది సీసమా, మామూలు మసా? ఎలా తెలుస్తుంది?

మసి, కాలిన ల్యూబ్ (బుల్లెట్‌కు పట్టించే మైనంలాంటి కందెన) నల్లగా లేదా గోధుమరంగులో ఉంటాయి. సాల్వెంట్‌లో తడిపిన గుడ్డ రెండు మూడు సార్లు తిప్పితే పోతాయి. సీసం బూడిదరంగులో మెరుస్తుంది, బ్యారెల్ లోపలి మెలికల గాడుల మూలల్లో సన్నని రేకుల్లా, గీతల్లా అంటుకుని ఉంటుంది. గుడ్డ దూర్చినప్పుడు ఒకచోట పట్టినట్టు ఆగడం, బయటికి తీశాక దాని మీద మెరిసే పొలుసులు కనిపించడం సీసం పట్టిందనడానికి గుర్తు. చూసేముందు సిలిండర్ ఖాళీగా ఉందో లేదో ప్రతిసారీ రెండుసార్లు చూసుకోండి.

వేడి గ్యాస్‌కు బుల్లెట్ అడుగు కరిగిపోవడం వల్లే కదా సీసం అంటుకునేది?

ఎప్పటి నుంచో ఉన్న నమ్మకం ఇది. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, మందు మండే వేడి అంతకు ఎన్నో రెట్లు. అయినా బుల్లెట్ బ్యారెల్‌లో ఉండేది వెయ్యో వంతు సెకను, అటూ ఇటూ. ఆ కాస్త వ్యవధిలో వేడి అడుగు భాగంలోకి దిగి దాన్ని కరిగించలేదు. ఇసుక దిబ్బలోంచి ఏరి తెచ్చిన బుల్లెట్లను చూడండి, అడుగున అచ్చు గీతలు, స్ప్రూ (పోత పోశాక అచ్చు పైన మిగిలే సీసం) కోసిన గుర్తు చెక్కుచెదరకుండా కనిపిస్తాయి.

అసలు నష్టం పక్కల నుంచి జరుగుతుంది. బుల్లెట్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు ఉంటే విపరీతమైన ఒత్తిడితో గ్యాస్ అందులోంచి ముందుకు దూసుకుపోతుంది. ఇసుకతో రాపిడి పెట్టినట్టు బుల్లెట్ అంచును కోసేసి, ఆ సీసాన్ని ముందున్న ఉక్కు మీద చల్లుతుంది. వెనక వచ్చే బుల్లెట్ దాన్ని ఇస్త్రీ చేసినట్టు అదిమేస్తుంది. కాబట్టి చేయవలసిన పని ఆ సందు మూయడమే.

సీసం పట్టిన చోటును బట్టి కారణం చెప్పొచ్చా?

చాలావరకు చెప్పొచ్చు. అందుకే శుభ్రం చేసే తొందరలో ఆ సాక్ష్యం చెరిపేయకండి, ముందు మంచి వెలుతురులో చూడండి.

ఫోర్సింగ్ కోన్‌లో (బ్యారెల్ వెనక చివర గరాటులా ఉండే భాగం), అది దాటిన మొదటి అంగుళంలో దట్టంగా ఉంటే బుల్లెట్ సైజు చాలడం లేదు, లేదా సిలిండర్ థ్రోట్‌లు (తూటా కూర్చునే ఛాంబర్ల ముందు కొసన ఉండే సన్నని రంధ్రాలు) బిగుతుగా ఉండి బుల్లెట్‌ను ముందే కుదించేస్తున్నాయి. బ్యారెల్ మొదట్లో శుభ్రంగా ఉండి చివర రెండు అంగుళాల్లోనే పడితే ల్యూబ్ దారిలోనే అయిపోతోంది. బ్యారెల్‌ను ఫ్రేమ్‌లోకి మరలా తిప్పి బిగించిన చోట మొదలై అక్కడి నుంచి చివరిదాకా ఉంటే ఆ బిగింపు దగ్గర బ్యారెల్ లోపలి వ్యాసం తగ్గిందని అనుమానించాలి. గాడుల మధ్య ఎత్తుగా ఉండే గట్ల అంచుల వెంబడి ఒక వైపే పేరుకుంటే బుల్లెట్ మెలి తిరగకుండా జారుతోంది. అంటే ఆ ఒత్తిడికి మిశ్రమం మరీ మెత్తన. ఫోర్సింగ్ కోన్‌కు ఒక పక్కనే పట్టి, కాల్చినప్పుడు సిలిండర్ పక్క నుంచి సీసం తునకలు చిమ్ముతుంటే ఛాంబర్ బ్యారెల్‌కు సరిగా ఎదురుపడటం లేదు. అది తుపాకీ మరమ్మతు తెలిసిన నిపుణుడి పని. నింపడంలో ఎన్ని మార్పులు చేసినా సర్దుకోదు.

## కొలతలు

నాది .357 మాగ్నమ్ రివాల్వర్. బుల్లెట్ 0.357 అంగుళం ఉంటే సరిపోదా?

రాగి తొడుగున్న జాకెట్ బుల్లెట్‌కు సరిపోతుంది, పోత బుల్లెట్‌కు మామూలుగా చాలదు. పోత బుల్లెట్ గాడుల వ్యాసం కంటే ఒకటి రెండు థౌలు, అంటే అంగుళంలో వెయ్యో వంతులు, పెద్దగా ఉండాలి. అంతకంటే ముఖ్యంగా సిలిండర్ థ్రోట్‌కు సరిగ్గా అతకాలి. .38, .357 లకు 0.358, .44 మాగ్నమ్‌కు 0.430 లేదా 0.431, ఇప్పటి .45 కోల్ట్‌కు 0.452 అంగుళం అని మొదలుపెట్టవచ్చు. పాత .45 కోల్ట్ రివాల్వర్లలో కొన్నింటికి 0.454 కావాల్సి వస్తుంది.

ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు మాత్రమే. ఒకే మోడల్ రివాల్వర్లు రెండు పక్కపక్కన పెట్టి కొలిస్తే ఒకదానికొకటి కలవకపోవచ్చు. మీ తుపాకీ చెప్పిన అంకే మీకు లెక్క.

సిలిండర్ థ్రోట్‌లు ఎలా కొలవాలి?

సిలిండర్ ఊడదీసి ఛాంబర్లు, థ్రోట్‌లు బాగా శుభ్రం చేయండి. మీరు వాడే బుల్లెట్ ఒకటి తీసుకుని ముందు వైపు నుంచి ప్రతి థ్రోట్‌లోనూ వేలితో నొక్కి చూడండి. దానంతట అదే జారి పడిపోతే బుల్లెట్ చిన్నది. సుత్తితో కొడితే గానీ దిగకపోతే థ్రోట్ బిగుతు. పెన్సిల్ వెనక భాగంతో కొద్దిగా నొక్కితే జారేలా ఉంటే అమరిక కుదిరినట్టే. ఆరు థ్రోట్‌లూ చూడాలి, ఒకటి తేడాగా ఉండటం మామూలే. కచ్చితమైన అంకె కావాలంటే మెత్తని శుద్ధ సీసపు ముక్కను ప్రతి థ్రోట్ గుండా దూర్చి మైక్రోమీటర్‌తో కొలవండి. డయల్ కాలిపర్‌ను ఈ పనికి నమ్మకండి. మనం వెతుకుతున్న తేడా ఒక థౌ అయితే, కాలిపర్ చూపే పొరపాటు కూడా దాదాపు అంతే ఉంటుంది.

బ్యారెల్ లోపలి సైజు ఇంట్లో కొలవడం కుదురుతుందా?

కుదురుతుంది. సిలిండర్ తీసేసి, బ్యారెల్‌లో పలచగా నూనె రాసి, లోపలి వ్యాసం కంటే కాస్త పెద్దదైన శుద్ధ సీసపు గుండును మజిల్ (బ్యారెల్ ముందు మూతి) వైపు నుంచి చెక్క సుత్తితో ఎక్కించండి. తర్వాత ఇత్తడి కడ్డీతో నెమ్మదిగా తోస్తూ ఫ్రేమ్ వైపు బయటికి తీయండి. దాని మీద ఎత్తుగా ఉన్న భాగాలు బ్యారెల్ గాడుల ముద్రలు. ఎదురెదురుగా ఉన్న రెండింటి మధ్య దూరమే గాడుల వ్యాసం.

ఇక్కడ ఒక చిక్కుంది. స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లలాగా అయిదు గాడులున్న బ్యారెల్ అయితే గాడికి ఎదురుగా గట్టు వస్తుంది, మామూలు మైక్రోమీటర్ తప్పు అంకె చూపిస్తుంది. దానికి వి ఆకారపు దవడ ఉన్న మైక్రోమీటర్ కావాలి. అది లేకపోతే బాధపడకండి. థ్రోట్‌కు సరిపడే బుల్లెట్ వేసి, దాన్ని బ్యారెల్ మజిల్‌లో పెట్టి చూడండి. మెలి లేకుండా నేరుగా లోపలికి జారిపోతే బుల్లెట్ చాలడం లేదని అర్థం.

థ్రోట్‌లు గాడుల కంటే చిన్నగా ఉన్నాయి. ఇప్పుడేం చేయాలి?

దీన్ని బుల్లెట్ సైజుతో గెలవలేం. మీరు 0.359 వేసినా 0.360 వేసినా 0.356 థ్రోట్ దాన్ని 0.356 చేసే పంపిస్తుంది, 0.357 బ్యారెల్‌లో చుట్టూ సందు మిగులుతుంది. నా సొంత రివాల్వర్‌లో సరిగ్గా ఇదే ఉంది. ఏడాదిపాటు మిశ్రమాలు మార్చాను, మూడు రకాల ల్యూబ్‌లు ప్రయత్నించాను, ప్రతి ఆదివారం గంటసేపు బ్యారెల్ గీకాను. చివరికి మైక్రోమీటర్ పట్టుకుంటే పది నిమిషాల్లో సంగతి తేలింది. నిపుణుడి చేత ఆరు థ్రోట్‌లూ రీమర్‌తో (రంధ్రాన్ని వెడల్పు చేసే పనిముట్టు) ఒకే సైజుకు, గాడుల కంటే ఒక థౌ పెద్దగా తెరిపించాను. పాత బుల్లెట్లే, పాత ల్యూబే, సీసం పట్టడం ఆగిపోయింది.

రీమర్ పని ఒకసారి తప్పితే వెనక్కి రాదు. సొంతంగా డ్రిల్లింగ్ మెషిన్‌తో ప్రయత్నించకండి.

ఫ్రేమ్ దగ్గర బ్యారెల్ బిగుతుగా ఉందని ఎలా తెలుస్తుంది, దాన్ని ఎలా సరిచేయాలి?

సీసపు గుండును మజిల్ నుంచి తోసుకుంటూ వస్తే ఒకే బలంతో కదులుతూ వచ్చి, సరిగ్గా ఫ్రేమ్ దగ్గర మొరాయిస్తుంది. నిర్ధారించుకోవడానికి రెండు గుండ్లు వాడండి. ఒకదాన్ని మజిల్‌లో అంగుళం దాకా ఎక్కించి వెనక నుంచి కడ్డీతో బయటికి నెట్టండి, రెండోదాన్ని బ్యారెల్ మొత్తం దాటించండి. రెండోది చిన్నగా కొలిస్తే అక్కడ బిగుతు ఉన్నట్టే. అర థౌ తేడాను చాలా తుపాకులు భరిస్తాయి. ఎక్కువైతే రుబ్బుడు పొడి పూసిన మెత్తని బుల్లెట్లను తక్కువ వేగంతో కాల్చి అరగదీసే పద్ధతి ఉంది, చేత్తో ల్యాపింగ్ (రుద్ది అరగదీయడం) ఉంది. రెండూ అనుభవజ్ఞులు దగ్గరుండగా చేయవలసినవే.

## మిశ్రమం, పోత

ఇంకా గట్టి సీసం వాడితే సమస్య పోతుందా?

పోకపోగా పెరగవచ్చు. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

గట్టిదనాన్ని కొలిచే బ్రినెల్ కొలమానంలో శుద్ధ సీసం కాఠిన్యం సుమారు 5, అంకె పెరిగేకొద్దీ గట్టిదన్నమాట. కారు చక్రాలకు క్లిప్‌తో తగిలించే పాత వీల్ వెయిట్లు 12 దగ్గర ఉంటాయి. 90 పాళ్ల సీసం, 5 తగరం, 5 యాంటిమొనీ కలిసిన లైమన్ నంబర్ 2 మిశ్రమం 15. అచ్చుయంత్రాల లైనోటైప్ లోహం 22. తూటా పేలినప్పుడు ఒత్తిడి తగినంత ఉంటే బుల్లెట్ అడుగు కొద్దిగా ఉబ్బి, బ్యారెల్‌కు బిరడాలా బిగుసుకుంటుంది. ఎంత ఒత్తిడి కావాలో ఉజ్జాయింపుగా తెలుసుకోవడానికి కాఠిన్యాన్ని 1,422తో గుణిస్తారు. 12 కాఠిన్యానికి దాదాపు 17,000 పిఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). లైనోటైప్‌కు 31,000 పైమాటే.

.38 స్పెషల్‌కు ప్రామాణిక గరిష్ఠ ఒత్తిడే 17,000 పిఎస్ఐ, .45 కోల్ట్‌కు 14,000. అలాంటి తూటాలో లైనోటైప్ బుల్లెట్ పెడితే అది ఉబ్బనే ఉబ్బదు. సైజు ఒక థౌ తగ్గినా సందు అలాగే ఉండిపోయి గ్యాస్ కోసేస్తుంది. బజారులో "గట్టి పోత" అని అమ్మే బుల్లెట్లు తేలికపాటి తూటాల్లో సీసం పట్టించడానికి కారణం ఇదే. తేలిక తూటాలకు 8 నుంచి 10, మధ్యరకానికి 11, 12, పూర్తి మాగ్నమ్‌కు 12 నుంచి 15 నేను వాడే హద్దులు. అమెరికన్ తుపాకీ రచయిత ఎల్మర్ కీత్ తన బరువైన .44 తూటాలకు ఒక పాలు తగరం, పదహారు పాళ్ల సీసం కలిపి, అడుగున గ్యాస్ చెక్ అనే రాగి టోపీ లేని బుల్లెట్లే పోసేవాడు. ఆ మిశ్రమం కాఠిన్యం 11 చుట్టూ ఉంటుంది. సైజు కుదిరితే అది చాలు.

మరీ మెత్తనైనా పనికిరాదు. 1935లో .357 మాగ్నమ్ వచ్చినప్పుడు ఫ్యాక్టరీ తూటాల్లోని మెత్తని సీసం బ్యారెళ్లను నింపేస్తుందని పేరుపడింది.

తగరం ఎంత కలపాలి?

రెండు శాతం చాలు. తగరం కలిపితే లోహం అచ్చు మూలల్లోకి చక్కగా పారుతుంది, అంచులు పదునుగా వస్తాయి. కాఠిన్యాన్ని ఎక్కువగా పెంచేది యాంటిమొనీ.

వీల్ వెయిట్లు కరిగిస్తున్నాను. జాగ్రత్తలేమిటి?

వాటిలో ఇప్పుడు ఉక్కువి, జింక్‌వి కలిసి వస్తున్నాయి. ఉక్కు తేలుతుంది, తీసేయొచ్చు. జింక్ 419 డిగ్రీల దగ్గర కరిగి సీసంలో కలిసిపోతే ఆ కుండ మొత్తం గంజిలా చిక్కబడి అచ్చు సరిగా నిండదు. కరిగించేముందే కటింగ్ ప్లయర్‌తో నొక్కి చూడండి. సీసం సులువుగా తెగుతుంది, జింక్ తెగదు. తొలి కరిగింపులో వేడిని 350 డిగ్రీలు దాటనీయకుండా, పైకి తేలిన వాటిని వెంటనే తీసేయండి. తడి ముక్క ఒక్కటి కూడా కరిగిన లోహంలో పడకూడదు. నీరు క్షణంలో ఆవిరై సీసాన్ని మొహం మీదికి చిమ్ముతుంది.

వేడి బుల్లెట్లను నీళ్లలో వేసి గట్టిపరచడం అవసరమా?

రివాల్వర్‌కు సాధారణంగా అవసరం లేదు. యాంటిమొనీతో పాటు కొద్దిగా ఆర్సెనిక్ ఉన్న మిశ్రమమైతే నీళ్లలో వేస్తే కాఠిన్యం బాగా పెరుగుతుంది. అంత గట్టిదనం .38 లాంటి తక్కువ ఒత్తిడి తూటాల్లో ప్రతికూలమే. కరిగిన సీసం పక్కన నీళ్ల బకెట్ పెట్టుకునే ప్రమాదం దానికి అదనం.

బుల్లెట్ అడుగున చిన్న సొట్ట ఉంటే ఏమవుతుంది?

ముక్కు మీద సొట్ట ఉన్నా ఫర్వాలేదు గానీ అడుగు అంచు గుండ్రబడినా, చిన్న గుంట ఉన్నా గ్యాస్‌కు దారి దొరుకుతుంది. అడుగు అంచు పదునుగా, నిండుగా లేని ప్రతి బుల్లెట్‌నూ తిరిగి కుండలో వేసేయండి. అచ్చు చల్లగా ఉంటే ముడతలు పడతాయి, మరీ వేడైతే మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. లేత తెలుపు వల్ల నష్టం లేదు.

## ల్యూబ్, పూత, గ్యాస్ చెక్

ఏ ల్యూబ్ మంచిది?

తేనెమైనం, అలాక్స్ అనే కందెన సమపాళ్లలో కలిపిన మెత్తని ల్యూబ్ రివాల్వర్ వేగాలకు దశాబ్దాలుగా పనిచేస్తూనే ఉంది. అమ్మకానికి వచ్చే పోత బుల్లెట్ల గాడుల్లో కనిపించే రంగురంగుల గట్టి మైనం రవాణాలో రాలిపోకుండా ఉండటానికి బాగుంటుంది గానీ తేలిక తూటాల్లో అది సరిగా కరిగి పనిచేయదు. కాల్చాక మజిల్ మీద గ్రీజు నక్షత్రంలా పలచగా కనిపిస్తే ల్యూబ్ చివరిదాకా సరిపోయినట్టు.

పౌడర్ కోటింగ్ చేస్తే ఇక కొలతలు చూసుకోనక్కర్లేదా?

చూసుకోవాలి. బుల్లెట్‌కు పొడి రంగు అద్ది ఓవెన్‌లో గట్టిపరిచే ఈ పూత చాలా మంచి పద్ధతి, పొగ తగ్గుతుంది, చేతికి సీసం అంటదు, చిన్న చిన్న లోపాలను క్షమిస్తుంది. కానీ రెండు థౌలు తక్కువైన బుల్లెట్‌ను అదీ కాపాడలేదు. సుమారు 200 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఓవెన్‌లో ఉడికించాలి. వంటకు వాడే ఓవెన్ మళ్లీ ఈ పనికి వాడకూడదు, ఈ పనికి వాడింది మళ్లీ వంటకు వాడకూడదు. పూత వ్యాసాన్ని ఒకటి రెండు థౌలు పెంచుతుంది కాబట్టి సైజింగ్, అంటే డైలోంచి దూర్చి కావలసిన వ్యాసానికి తేవడం, పూత తర్వాతే. ఓవెన్‌లోంచి తీసి చల్లారిన బుల్లెట్‌ను సుత్తితో చదును చేసి చూడండి. పూత పొరలుగా ఊడితే సరిగా ఉడకలేదు.

గ్యాస్ చెక్ తప్పనిసరా?

కాదు. అడుగుకు తొడిగే ఈ రాగి టోపీ గ్యాస్‌ను ఆపుతుంది, పూర్తి మాగ్నమ్ తూటాల్లో ఉపయోగపడుతుంది. దానికోసం ప్రత్యేకంగా అడుగు సన్నబరిచిన అచ్చు ఉండాలి. ఆ అచ్చు బుల్లెట్‌ను టోపీ లేకుండా కాలిస్తే ఫలితం ఒక్కో తుపాకీలో ఒక్కోలా ఉంటుంది.

## తూటా నింపేటప్పుడు

బుల్లెట్ 0.358కే సైజు చేశాను, థ్రోట్‌లు బాగున్నాయి, అయినా సీసం పడుతోంది. ఎందుకు?

నింపిన తూటా ఒకటి తీసుకుని సుత్తి పుల్లర్‌తో బుల్లెట్ బయటికి తీసి కొలవండి. లోపలికి వెళ్లేటప్పుడు 0.358 ఉన్నది బయటికి వచ్చేసరికి 0.356 అయి ఉండవచ్చు. ఇత్తడి కేస్ సీసం కంటే గట్టిది, బిగుతుగా ఉంటే బుల్లెట్‌నే పిండేస్తుంది.

తూటాలు నింపే డై సెట్‌తో వచ్చే ఎక్స్‌పాండర్ (కేస్ మూతిని వెడల్పు చేసేది) చాలాసార్లు జాకెట్ బుల్లెట్ల కోసం చేసింది, పోత బుల్లెట్‌కు రెండు మూడు థౌలు చిన్నది. పోత బుల్లెట్ సైజుకు చేసిన పొడవైన ఎక్స్‌పాండర్ వేస్తే ఈ బాధ తీరుతుంది. రెండో అనుమానితుడు కార్బైడ్ రింగు ఉన్న క్రింప్ డై, అంటే కేస్ మూతిని బుల్లెట్ మీదికి నొక్కి బిగించేది. నింపడం అయ్యాక తూటా మొత్తాన్ని మళ్లీ నొక్కుతుంది కాబట్టి లావు పోత బుల్లెట్ కేస్ లోపలే సన్నబడిపోతుంది. మూడోది, కేస్ గోడలు అడుగుకు వెళ్లేకొద్దీ మందమవుతాయి, లోతుగా కూర్చోబెట్టే వాడ్‌కట్టర్ (చదును ముక్కు బుల్లెట్) అడుగు అక్కడ నలుగుతుంది. బ్యారెల్‌నూ మిశ్రమాన్నీ అనుమానించే ముందు ఈ ఒక్క పరీక్ష చేయండి, పది నిమిషాల పని.

కేస్ మూతి ఎంత వెడల్పు చేయాలి? క్రింప్ ఎంత బిగించాలి?

బుల్లెట్‌ను చేత్తో నిలబెడితే నిలబడేంత తెరవండి. కూర్చోబెట్టాక చుట్టూ సీసం తొక్క ఉంగరంలా లేస్తే తెరిచింది చాలలేదు. క్రింప్ బుల్లెట్ మీది క్రింప్ గాడిలోకే పోవాలి. కూర్చోబెట్టడం, క్రింప్ చేయడం వేరువేరుగా చేస్తే బుల్లెట్ గీరుకోదు. క్రింప్ చాలకపోతే తక్కిన తూటాలు పేలిన కుదుపుకు బుల్లెట్ ముందుకు జరిగి సిలిండర్ తిరగకుండా అడ్డుపడుతుంది.

మందు తగ్గిస్తే సీసం తగ్గుతుందా?

మిశ్రమం మెత్తనై జారుతుంటే తగ్గుతుంది. మిశ్రమం గట్టిదై ఉబ్బకపోవడమే సమస్యైతే తగ్గించడం వల్ల ఇంకా పెరుగుతుంది. ఎటు మార్చినా మీ బుల్లెట్ బరువుకు, పోత బుల్లెట్ల కోసమే ప్రచురించిన పట్టికలో కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్యే ఉండండి. సీసం పోగొట్టడానికని గరిష్ఠం దాటడం చేతులతో, కళ్లతో చెలగాటం.

## కాల్చిన తర్వాత

పట్టిన సీసాన్ని ఎలా వదిలించాలి?

చొచ్చుకుపోయే నూనె పోసి రాత్రంతా నానబెట్టండి. పాత కంచు బ్రష్‌కు శుద్ధ రాగి పీచు నాలుగు పోగులు చుట్టి పొడిగా తిప్పితే సీసం రేకులుగా ఊడి వస్తుంది. ఆ పీచు నిజంగా రాగేనా అని ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది రాగి పూసిన ఉక్కు, బ్యారెల్‌ను గీస్తుంది. ఫోర్సింగ్ కోన్ కోసం ఇత్తడి జాలీతో పనిచేసే లూయిస్ లెడ్ రిమూవర్ చక్కని పనిముట్టు. కడ్డీ మజిల్ అంచుకు రాసుకోకుండా చూసుకోండి.

చివర్లో నాలుగు జాకెట్ బుల్లెట్లు కాలిస్తే శుభ్రమవుతుందట, నిజమా?

కొంత పోయినట్టు కనిపిస్తుంది, మిగిలింది ఇంకా గట్టిగా అదుముకుంటుంది. సీసం దట్టంగా ఉన్న బ్యారెల్‌లో లోపలి దారి ఇరుకు కాబట్టి ఒత్తిడి పెరుగుతుంది. వద్దు.

వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి పోస్తే సీసం కరుగుతుందని విన్నాను.

కరుగుతుంది, లెడ్ ఎసిటేట్‌గా. అది నీళ్లలో కలిసే విషం. ఆ ద్రావణం ఉక్కును కూడా తింటుంది, బ్లూయింగ్‌ను, అంటే ఉక్కు మీది నల్లని రక్షణ పూతను, పాడుచేస్తుంది. పీచుతో పది నిమిషాల్లో పోయే దానికి ఇంత ప్రమాదం తెచ్చుకోకండి.

సీసపు ఆవిరి పీల్చి జబ్బుపడతామా?

పోత పోసే వేడిలో సీసం ఆవిరయ్యేది అత్యల్పం, దాని మరుగు స్థానం 1,749 డిగ్రీలు. అసలు ప్రమాదం కుండ మీద తేలే బూడిదలో, ఆ ధూళి అంటిన చేతుల్లో, పేలిన ప్రైమర్ల (మందును రగిల్చే చిన్న టోపీలు) మసిలో ఉంది. కేస్‌లు పాలిష్ చేసే డబ్బాలోని పొడి కూడా అలాంటిదే. గాలి ధారాళంగా ఆడే చోట పోయండి. పని దగ్గర తినకండి, తాగకండి, పొగ కాల్చకండి. అయ్యాక చల్లని నీళ్లు, సబ్బుతో చేతులు కడుక్కోండి. ఆ బట్టలు ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి. నేలను చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకుంటే మీ జాగ్రత్తలు సరిపోతున్నాయో లేదో అంకెలో తెలుస్తుంది.

వంద తూటాల తర్వాత ఫోర్సింగ్ కోన్‌లో కొద్దిగా సీసం కనిపిస్తోంది. కంగారు పడాలా?

అక్కర్లేదు. గురి నిలకడగా ఉండి, ఆ పొర మూడు వందల తూటాల తర్వాత కూడా పెరగకుండా అంతే ఉంటే మీ తూటా బాగున్నట్టే. పెరుగుతూ పోతుంటే మాత్రం మైక్రోమీటర్ బయటికి తీయండి.